పాత సంచికలకు సూచిక

గుంటూరులో ధర్మార్థముగా పుస్తకములను, ఒక మాసపత్రికను ప్రచురించుచున్న చిన్న సంస్థ యొకదాని కార్యాలయమునకు, కొన్నేండ్ల క్రిందట ఒక వేసవి మధ్యాహ్నము, ప్రత్తిపాడు వైపునుండి ఒక వృద్ధరైతు వచ్చి, భుజముమీది తువ్వాలుతో మొగము తుడుచుకొని, "ఏవండీ, తెల్లదోమ పత్తిని పీల్చేసిన రోజుల్లో మీ పుస్తకంలో రేకుల సంగతి రాశారు. మా మనవడు మళ్ళీ పత్తి పెట్టాడు. అది ఒక్కసారి తీసిపెడతారా?" అని యడిగినప్పుడు నేను వేరొక పనిమీద పోయి అచ్చటనే కూర్చుండి యుంటిని. ఆయన చెప్పుచున్నవి 1980వ దశకపు నడిమి యేండ్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడి, మందు వెంట మందు కొట్టినను లొంగక, ఎందరో రైతులను అప్పులపాలు చేసిన దినములు. బీరువాలోనుండి బైండు చేసిన సంపుటములు ఆరు దింపి, నేనును ఆ కార్యాలయపు గుమాస్తాయును రెండు మధ్యాహ్నములు దుమ్ములో మునిగి పుటలు త్రిప్పితిమి. విషయసూచికలలో తెల్లదోమ యన్న మాటయే లేదు. తుదకు ఆ సంగతి దొరకినది "మీ ప్రశ్నలు – మా జవాబులు" అను శీర్షిక క్రింద, మూడవ ప్రశ్నకు జవాబుగా, సన్నని టైపులో: పసుపుపచ్చ రంగు వేసిన రేకునకు ఆముదము పూసి పైరునకు కొంచెము ఎగువగా కఱ్ఱకు కట్టవలెనని యున్న తొమ్మిది పంక్తులు. మరునాడు మరల వచ్చిన రైతు వానిని విత్తనాల సంచి వెనుక పెన్సిలుతో వ్రాయించుకొని పోయెను.

తొమ్మిది పంక్తులకు రెండు మధ్యాహ్నములు పట్టిన ఆ వెదకులాటయే ఈ వ్యాసమునకు మూలము. లాభాపేక్ష లేని ప్రచురణసంస్థ యొకటి, తాను దశాబ్దములుగా అచ్చువేసిన వ్యాసములన్నింటిని, ఎవడు ఏ మాటతో వెదకినను దొరకునట్లు ఒక డేటాబేసుగా కూర్చదలచినచో ఎక్కడ ప్రారంభించవలెను, దేనికి ధనము వెచ్చించవలెను, దేనిని వాయిదా వేయవలెను అన్న ప్రశ్నను, మన ప్రాంతమునను వెలుపలను ఇంతవఱకు జరిగిన యత్నములను ఎదుట నుంచుకొని, ఆమూలాగ్రముగా పరిశీలించుట ఉచితమని తోచినది. నా యభిప్రాయమును ముందే చెప్పివేయుదును: ఇది యంత్రముల సమస్యయని అందఱు తలచుచున్నారు గాని, నిజమునకు ఇది గుర్తులు వ్రాయు పని. ఫిబ్రవరి, మార్చి మాసములలో గుంటూరు మిర్చి యార్డునకు పోయి చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కఱలేదు. లెక్కకు మిక్కిలిగా టిక్కీలు, అనగా మిరపకాయల గోనెబస్తాలు, దిగు ఆ యావరణలో, ఏ రైతుది ఏ టిక్కీయో, ఏ అడ్తిదారుని కొట్టుకు వచ్చినదో, ఏది లాటులోని ఎఱ్ఱకాయ, ఏది తాలుకాయయో తెలియుట గోనెమీది గుర్తువలననే కదా! గుర్తు చెరగిన టిక్కీలో ఎంత మేలురకపు కాయ యుండిన నేమి, దాని కొనువాడు లేడు. మన మాసపత్రికల పాత సంచికలు నేటికిని గుర్తు లేని టిక్కీలే.

సంస్థవారితో ఈ ప్రసంగము తెచ్చినప్పుడు వారు మొట్టమొదట చెప్పు మాట "అంత పని మావల్ల నవుతుందా?" అని. కొంచెము లెక్క వేసి చూతము. నెలకొక సంచిక చొప్పున నలువది యేండ్లు నడచిన పత్రికకు 480 సంచికలు. సంచికకు 48 పుటలనుకొన్నచో 23,040 పుటలు. ఈ పుటలన్నింటిని టైపు చేయించి, అచ్చుతప్పులు దిద్దించుట చిన్న సంస్థకు తలకు మించిన భారమే. కాని సంచికకు పండ్రెండు రచనలనుకొన్నచో మొత్తము రచనలు 5,760 మాత్రమే. ఒక రచనకు పేరు, రచయిత, సంపుటి, సంచిక, పుట, విషయము అను వివరములను ఒక్క వరుసలో వ్రాయుటకు, పుట చూచి ఆలోచించుటతో సహా, దినమునకు ముప్పది వరుసల చొప్పున ఒకే మనిషి కూర్చుండినను 192 పనిదినములలో ముగియును. అనగా ఒక పంటకాలమునకు కొంచెము మించిన కాలము. భయపెట్టినది పుటలసంఖ్య, చేయవలసినది రచనలసంఖ్య. ఈ రెండింటి భేదమును గ్రహింపకనే పెక్కు సంస్థలు, దాతయొకడు దొరకగానే, స్కానరు కొనుటతో పని ప్రారంభించి, బొమ్మల గుట్టను ప్రోగుచేసి, అచ్చటనే ఆగిపోవుచున్నవి.

పత్రికావ్యాసములకు సూచిక యనునది క్రొత్త భావమేమియు కాదు. అమెరికాలోని యేల్ కళాశాలలో విద్యార్థిగా నున్న విలియం ఫ్రెడరిక్ పూల్ అను నతడు, తోటివారు వ్యాసములకై పత్రికల గుట్టలు తిరుగవేయుట చూచి, 1848లో ఒక చిన్న సూచికను ముద్రించెను. అదియే పెరిగి పెరిగి, పలు గ్రంథాలయములవారు తమలో తాము పత్రికలను పంచుకొని ఎవరి భాగమును వారు సూచించి పంపగా, 1882 నాటికి మహాగ్రంథమైనది. యంత్రము లేదు, తీగ లేదు. కాగితపు చీటీలు, టపా, మాటమీద నిలుచు స్నేహితులు మాత్రమే యుండిరి. మన దేశములో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పటినుండి గుంటూరు సీమ ఆ యుద్యమమునకు ఆటపట్టుగా నుండెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువమీద పడవలో పుస్తకములను పంపి, రేవు రేవున చదువరుల చేతికందించిన బోటు గ్రంథాలయము నేటికిని చెప్పుకొనదగిన వింతయే. అయితే ఆ మహనీయుల దృష్టి అంతయు పుస్తకముమీదనే నిలిచినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పూనికతో వెలువడిన ఆంధ్రవాఙ్మయ సూచిక వంటివియు గ్రంథముల పట్టికలే. పత్రిక బైండై బీరువాలోనికి పోయిన పిదప దానిలోని వ్యాసము ఒక్కొక్కటియు ప్రత్యేక వస్తువనియు, దానికిని ఒక చీటీ కావలెననియు ఆ తరము పట్టుబట్టలేదు. ఇది వారిపై నింద కాదు. పుస్తకమే లేని పల్లెకు పుస్తకము చేర్చుటలో వారి జీవితములు గడచిపోయినవి. మనకు ఆ సాకు లేదు.

వేటపాలెపు సారస్వత నికేతనమును ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. 1918లో పుట్టి, 1929లో గాంధీమహాత్ముని చేత శంకుస్థాపన పొంది, ఆయన విరిగిన చేతికఱ్ఱను నేటికిని భద్రపఱచుకొన్న ఆ గ్రంథాలయము, పాత తెలుగు పత్రికల సంపుటములకు పెట్టినది పేరు. పరిశోధకులు దూరదేశములనుండి అచ్చటికి వచ్చి, పెళుసెక్కిన కాగితమును ఊపిరి బిగబట్టి త్రిప్పుదురు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయమును అట్టిదే. వాడవాడలనుండి వచ్చిన పుస్తకములు, సంచికలు అచ్చట పోగుపడియున్నవి. అయినను వేటపాలెముచేతనే మనకొక చిక్కు బోధపడుచున్నది. ఆ యూరు 1970 వఱకు గుంటూరు జిల్లాలో నుండెను; ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు అందులోనికి పోయెను; 2022 ఏప్రిలునుండి బాపట్ల జిల్లాలో నున్నది. ఉన్నచోటనుండి అంగుళమైన కదలకయే మూడు జిల్లాలు తిరిగిన యూరది! 1962 నాటి వ్యాసమొకటి "గుంటూరు జిల్లా చేనేత" అని చీరాల నేతగాండ్రను గూర్చి వ్రాసియుండినచో, నేటి చదువరి బాపట్ల జిల్లా క్రింద వెదకి, లేదనుకొని పోవును. కావున సూచికలో స్థలమును వ్రాయునప్పుడు జిల్లాపేరును నమ్మరాదు. ఊరిపేరు వ్రాసి, ఆ యూరు ఏ కాలమున ఏ జిల్లాలో నుండెనో వేరొక పట్టికలో ఒక్కసారి వ్రాసిపెట్టుకొనవలెను. ప్రభుత్వము మరల సరిహద్దులు మార్చినను అప్పుడు మార్చవలసినది ఒక్క పంక్తియే.

ఇటీవలి తెలుగు యత్నములలో పెద్దది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. లెక్కలేనన్ని తెలుగు పుస్తకములను అది కాలగర్భమునుండి కాపాడినదన్నమాట నిజము. కాని పేర్లను రోమను లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా, పలుమారులు తప్పుగా వ్రాయుటచేత, ఎదుట నున్న పుస్తకమే కంటబడని దురవస్థ కలిగెను. తెలుగు వికీపీడియాలో పనిచేయు స్వచ్ఛందసేవకులు కొందఱు ఆ పేర్లను ఓపికతో తెలుగులోనికి మార్చి పట్టికలు కట్టిన తరువాతనే అది మనబోంట్లకు వాడుకలోనికి వచ్చినది. ప్రెస్ అకాడమీవారు పాత పత్రికలను స్కాన్ చేయించి ఇంటర్నెట్టున నుంచుట మఱియొక గొప్ప యుపకారము. ఏ తేదీ సంచిక కావలెనో ముందే తెలిసినవానికి అది కల్పవృక్షము, తెలియనివానికి అరణ్యము. ఏలయన అచ్చట పత్రిక, సంవత్సరము, నెల, దినము అను మెట్లే యున్నవి గాని, వ్యాసమునకు ద్వారము లేదు. బెంగుళూరులోని మనసు ఫౌండేషన్ వారు జాషువ, శ్రీశ్రీ మొదలగు వారి సమగ్రరచనలను లాభము చూచుకొనక ప్రచురించినవారు. ఒక రచయిత సమస్తమును ఒకచోట చేర్చుటకు ఎన్ని పత్రికల సంపుటములను చేతితో గాలించవలెనో అట్టి పనిలో దిగినవారికే యెఱుక. వ్యాససూచికయే యుండినచో అందులో సగము శ్రమ తగ్గి యుండునని నా తలంపు.

చిన్నవైనను చక్కనివి రెండు. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన ఈమాట పత్రిక, తన పాత సంచికలను యూనికోడులోనికి తెచ్చుకొని, ఏ రచయిత పేరు నొక్కినను అతని రచనలన్నియు వరుసగా కనబడునట్లు చేసికొన్నది. జీతపు ఉద్యోగులు లేని పత్రికకు ఇంత క్రమము సాధ్యమైనదన్న విషయము మన సంస్థలు గమనింపవలెను. రెండవది నరసరావుపేటకు చెందిన కోలవెన్ను రామకోటేశ్వరరావుగారు 1927లో స్థాపించిన త్రివేణి. అది ఇంగ్లీషు పత్రిక. దాని పాత వ్యాసములు పెక్కింటిని, వ్యాసమునకొక పుటగా టైపు చేసి, ఒక స్మారకనిధివారు ఇంటర్నెట్టున నుంచిరి. అందు అలంకారములు లేవు, హంగులు లేవు. కాని వ్యాసమే ప్రమాణముగా గ్రహించిరి. నాకు అదియే ముఖ్యము.

ఇక వరుసలో వ్రాయవలసిన వివరముల సంగతి. ఇందు అతిసులభముగా తోచి అతికష్టముగా పరిణమించునది రచయిత పేరు. ఇంటిపేరు ముందో వెనుకనో, పూర్తిగానో పొడియక్షరములుగానో, సంపాదకుని చిత్తము వచ్చినట్లు అచ్చగుచుండెను. దీనికి తోడు కలంపేర్లు. తెనాలివాడైన ఆలూరి వెంకటసుబ్బారావును ఆ పేరుతో వెదకువాడు లోకములో లేడు, చక్రపాణి యన్నచో అందఱకు తెలియును. త్రిపురనేని రామస్వామి కొన్నిచోట్ల చౌదరి, కొన్నిచోట్ల ఉత్త కవిరాజు. ఆరుద్ర అసలుపేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి యని చెప్పినచో నేటి విద్యార్థి ఉలిక్కిపడును. దీనికి శరణ్యమొక్కటే: పుటమీద ఎట్లు అచ్చయినదో అట్లే ఒక గడిలో వ్రాసి, ఆ మనిషికి సంస్థ ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్య క్రింద అతని పేర్లన్నియు చేర్చుట. ప్రారంభములో ఇది చాదస్తముగా కనబడును. రెండువేల వరుసలు నిండిన తరువాత, ఒకే పేరుగల ఇరువురు వేంకటేశ్వరరావులు ఒకరి రచనలను ఒకరు మ్రింగివేసినప్పుడు, ఈ చాదస్తపు విలువ తెలియును.

కాలము రెండవ చిక్కు. మన పత్రికలు పెక్కు తెలుగు సంవత్సరమును, తెలుగు మాసమును ముఖపత్రముపై ధరించినవి. తెలుగు సంవత్సరము ఉగాదితో మొదలగును గనుక, రుధిరోద్గారి చైత్రము 1923లోను, అదే రుధిరోద్గారి పుష్యము 1924లోను పడును. సంవత్సరపు పేరునకు ఇంగ్లీషు సంవత్సరమును ఒక్కదానిని అంటగట్టువాడు తప్పక పొరబడును. అంతకన్న వింత యొకటి కలదు. భారతి 1924 జనవరిలో, రుధిరోద్గారి నామ సంవత్సరమున పుట్టి, 1991 వఱకు జీవించినది. అరువదియేండ్ల చక్రము తిరిగి 1983లో మరల రుధిరోద్గారి వచ్చినది. అనగా "భారతి, రుధిరోద్గారి" అని ఎవడైన అధోజ్ఞాపికలో వ్రాసినచో, అది తొలి సంవత్సరపు సంచికయో, షష్టిపూర్తి సంచికయో పేరునుబట్టి తేల్చుట అసాధ్యము! ఒక పత్రిక షష్టిపూర్తి చేసికొనునని మన పంచాంగకర్తలు ఊహించియుండరు. రెండు కాలమానములను రెండు గడులలో వ్రాయుట, సంపుటి సంఖ్యను ఎన్నడును వదలకుండుట, ఈ వ్యాధికి మందు.

విషయపదములే ఈ పనికి ప్రాణము. పుస్తకముల కొఱకు డ్యూయీ 1876లో కూర్చిన దశాంశవర్గీకరణమును, మన రంగనాథన్ 1933లో వెలువరించిన ద్విబిందువర్గీకరణమును మహామేధావుల కృతులు. కాని ప్రత్తిపాడు రైతునకు వర్గసంఖ్యతో పని లేదు. అతనికి తన నోటిమాటతో తలుపు తెఱచుకొనవలెను. మిరపనే తీసికొందము. ఆకులు పైకి దోనెవలె ముడుచుకొన్నచో రైతు దానిని పైముడత యనును. శాస్త్రజ్ఞుడు తామరపురుగు అని వ్రాయును. మందుల దుకాణమువాడు త్రిప్స్ అనును. క్రిందికి ముడుచుకొన్నచో క్రిందిముడత, అది నల్లి పని. ఈ రెండును గాక వైరసు వలన వచ్చు ముడతను కొందఱు బొబ్బర యందురు, క్రొత్తవారు జెమిని యందురు. 2021లో మన మిరపతోటలను నాశనము చేసిన నల్లతామరపురుగు కథను వెదకువాడు ఈ మాటలలో దేనిని వాడునో ఎవడు చెప్పగలడు? కావున సంస్థ తన సొంత పర్యాయపదకోశము నొకదానిని, ఒక నూఱు మాటలతోనైనను సరే, ముందే కట్టుకొనవలెను: ప్రత్తి, పత్తి, దూది, కాటన్ అన్నియు ఒకే యింటికి దారితీయవలెను, మిరప, మిర్చి, ఎండుమిరప, పండుమిర్చి ఒకే యింటికి. దీనికి విరుద్ధమైన చిక్కును కలదు. లాం పరిశోధనస్థానపు జి-5 మిరపరకమునకు ఆంధ్రజ్యోతి యని పేరు, జి-4 భాగ్యలక్ష్మి. విత్తనము కొఱకు ఆంధ్రజ్యోతి యని వెదకిన రైతు యెదుట దినపత్రిక పేరు వచ్చిన వ్యాసములన్నియు కుప్పగా పడును. భాగ్యలక్ష్మి యన్నచో కథలలోని కథానాయికలు క్యూ కట్టుదురు. ఈ రెండింటిని వేఱుపఱుపగలది మనిషి వ్రాసిన విషయపదమే. ఆ మనిషి పంట ఎఱిగినవాడై, ఈ సీమవాడై యుండవలెను. పట్టణములోని కంపెనీకి పుటకింత యని ఒప్పగించినచో వచ్చునది పుటకింత విలువగల పనియే.

అక్షరముల సంగతి చెప్పుకొనకయే ముగియదు. డి.టి.పి. వచ్చిన తరువాత అచ్చయిన సంచికల ఫైళ్ళు తమయొద్ద భద్రముగా నున్నవని ప్రచురణకర్తలు ధీమాగా చెప్పుదురు. ఆ ఫైళ్ళలో పెక్కు పేజ్‌మేకరులో, "అను" అనబడు ఫాంటులతోనో, అటువంటి మఱియొకదానితోనో కూర్చినవి. వానిలో తెలుగక్షరము నిజముగా లేదు, రోమను సంకేతములచాటున తెలుగు ఆకారపు తునకలు మాత్రమే యున్నవి. ఆ ఫాంటు లేని యంత్రములో తెఱచినచో మిరపకాయ పిచ్చిగీతలుగా మారును. 1991లో వెలువడిన యూనికోడు తొలి రూపములోనే తెలుగునకు చోటు దొరకినను, మన అచ్చుకూటములు చాలకాలము ఆ వైపు చూడలేదు. మార్చు సాధనములు నేడు కలవు. మార్చినపిదప ఒత్తులు ఎక్కడెక్కడికో ఎగిరిపోవును గనుక, దిద్దువాడు తప్పనిసరి.

అంతకు ముందటి సీసపు టైపుల కాలపు సంచికలకు స్కానింగు, దానిపై అక్షరములను గుర్తించు ఓ.సి.ఆర్. శరణ్యము. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారి "దృష్టి" యను సాధనము మొదలుకొని గూగులువారి నేటి సాధనము వఱకు తెలుగు ఓ.సి.ఆర్. చాల దూరము నడచివచ్చినది. అయినను అరిగిన టైపు, చెదలు తిన్న అంచు, మసకబారిన సిరా కలిసినప్పుడు ప, వ అగును. మ, య అగును. పత్తి వత్తి యగును! ఇది నవ్వుకొనుటకు బాగుగ నున్నదిగాని, వత్తియు నిజమైన తెలుగుమాటయే గనుక ఏ అక్షరదోషశోధకుడును దానిని పట్టుకొనజాలడు. ఇందుకు 1995లో అమెరికాలో పుట్టిన జేస్టోర్ అను లాభాపేక్ష లేని సంస్థ త్రొక్కిన త్రోవ అనుసరింపదగినది: చదువరికి చూపునది అసలు పుటయొక్క ఛాయాచిత్రము, వెదకుటకు వాడునది దానిచాటున దాగిన ఓ.సి.ఆర్. పాఠము. పాఠములో పదింట రెండు మాటలు తప్పైనను, మిగిలిన ఎనిమిదింటితో పుట దొరకును. చదువరి చదువునది మాత్రము తప్పులేని అచ్చుపుట. సమస్తమును దిద్దినగాని ప్రజలకు చూపము అని భీష్మించుకొన్నవారి పని నేను చూచితిని. అది నేటికిని గదిలోనే యున్నది.

వెదకు యంత్రమునకు తెలుగు మాటల స్వభావము తెలిసి యుండుటయు అవసరమే. ఇంగ్లీషుకై చేసిన సాధనము మిరపయని అడిగినచో మిరపనే తెచ్చును. మిరపకు, మిరపలోని, మిరపచేలయందు అన్నవానిని పరాయివానినిగా చూచును. మాటమొదటి భాగము కలిసినచో చాలునని నియమము పెట్టిన విభక్తుల బాధ చాలవఱకు తీరును. ఎండుమిరప వంటి సమాసములకు మాటను మూడేసి అక్షరముల తునకలుగా విఱిచి పోల్చు పద్ధతి పనిచేయును. పాత వర్ణక్రమమునకు ఒక మడత కావలెను: అరసున్నను లెక్కింపక, ఱకారమును రకారముగా నెంచి, ప్రత్తిని పత్తితోను, వ్రాతను రాతతోను, క్రిందను కిందతోను సమము చేయవలెను, అచ్చుపుటలోని రూపము మాత్రము చెక్కుచెదరరాదు. ఈ వ్యాసమును నేను ఇట్టి భాషలో వ్రాయుటచేత, నేటి యువకుడు "మిరప రాత" యని వెదకినచో దీనిని గూడ పట్టుకొనగల యంత్రమే నాకు కావలెనన్న స్వార్థమును దాచుకొనను.

సాఫ్టువేరు సంగతి నాలుగు మాటలలో చెప్పవచ్చును. న్యూజీలండులో పుట్టిన కోహా గ్రంథాలయములకు మంచిది. డీస్పేస్ విశ్వవిద్యాలయముల స్థాయిది, దానిని పోషించుటకు తెలిసినవాడు నిత్యము దగ్గఱ నుండవలెను. చిన్న సంస్థకు మొదటి యేడు సాధారణమైన పట్టిక యొకటి చాలును, గడుల పేర్లు మాత్రము డబ్లిన్ కోర్ అను అంతర్జాతీయ పద్ధతికి సరిపోవునట్లు పెట్టుకొన్నచో, తరువాత ఏ యంత్రములోనికైనను ఆ పట్టికను పోసికొనవచ్చును. సంచులు మార్చినను గింజలు అవే. తమ సమాచారమును మరల బయటికి తీయనీయని ఏ సాధనమును, అది ఎంత ఉచితమైనను, గడప తొక్కనీయరాదు. ఇంటర్నెట్టు చిరునామాకు ఏటేట కట్టవలసిన రుసుము ఎవని బాధ్యతయో తీర్మానపుస్తకములో వ్రాయవలెను. పూనుకొన్న యువకునికి హైదరాబాదులో ఉద్యోగము వచ్చినంతనే మూతబడిన తెలుగు సైట్లు ఎన్నియో. ప్రతులు మూడుండవలెను, అందొకటి వేరొక ఊరిలో. నన్నడిగినచో సూచిక మాత్రము కాగితముమీద గూడ అచ్చువేసి వేటపాలెమునకు ఒక ప్రతి పంపుదును.

హక్కుల ప్రశ్న వచ్చునప్పటికి పెద్దలు జంకుదురు. 1957 నాటి మన కాపీరైటు చట్టము, తరువాతి సవరణతో, రచయిత మరణించిన పిదప అరువదియేండ్లు హక్కును నిలుపుచున్నది. 1958లో గతించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి రచనలు 2019 నుండి అందఱివి. 1971లో గతించిన జాషువగారి రచనలపై 2031 ముగియువఱకు వారసుల హక్కు నిలుచును. పత్రిక అచ్చువేసినంత మాత్రమున వ్యాసము పత్రికది కాదు. జీతము పుచ్చుకొని వ్రాసినవాని సంగతి వేఱు గాని, బయటివారు పంపిన వ్యాసము వ్రాసినవారిదే. నలువది యేండ్ల రచయితలకు, వారి సంతతికి ఉత్తరములు వ్రాసి అనుమతులు తెచ్చుకొనుట సంవత్సరముల పని, కొందఱి జాడయే తెలియదు. కాని ఫలానివారు ఫలాని సంచికలో ఫలాని పుటలో ఫలాని విషయమును గూర్చి వ్రాసిరి అని చెప్పుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. సూచికను ముందు చేయుడని నేను ఇంత పట్టుదలగా చెప్పుటకు ఇది బలమైన కారణము. పూర్తిపాఠములు అనుమతులు వచ్చినకొలది దాని వెనుక వచ్చి చేరును.

ఈ పనికి గుంటూరు సీమలో సంస్థలకు కొదువ లేదు. 1982లో హేతువాది మాసపత్రికను రావిపూడి వెంకటాద్రిగారు స్థాపించి దశాబ్దముల పర్యంతము నడపిరి. నాగండ్లలోని వారి కవిరాజాశ్రమపు ఆ పరంపరలోని చర్చలు, ఖండనలు, ప్రత్యుత్తరములు ఒకదానికొకటి ముడిపడియున్న గొలుసులు. ఏ లేఖ ఏ వ్యాసమునకు జవాబో చూపు గడి యొకటి సూచికలో లేనిచో ఆ గొలుసు తెగిపోవును. వ్యవసాయపత్రికలున్నవి, భక్తిపత్రికలున్నవి, ఉపాధ్యాయసంఘముల పత్రికలున్నవి. పూల్ కాలపు గ్రంథాలయములవలె తలకొక పత్రికను పంచుకొని, గడులమీద ఒక్క ఒడంబడికకు వచ్చినచో, ఒక్కొక్కరికి పడు భారము ఒక యేటి పని మాత్రమే. కేంద్రకార్యాలయము, అధ్యక్షుడు, ప్రారంభోత్సవము లేకున్నను ఇది జరుగును. అవి ముందుగా వచ్చినచో జరుగునో లేదో నేను చెప్పజాలను.

చదువరులకు ఒక విన్నపము. మీ అటకమీద మీ తండ్రిగారో తాతగారో దాచిన పాత సంచికల కట్ట యుండినచో, దానిని చిత్తుకాగితాలవానికి తూకమునకు వేయకముందు, ఒక్కొక్క సంచికయొక్క ముఖపత్రమును, విషయసూచిక పుటను మీ సెల్‌ఫోనుతో చిత్రము తీసి, దగ్గఱి గ్రంథాలయమునకో ఆ పత్రికను అచ్చువేసిన సంస్థకో పంపుడు. వీలైనచో కట్టనే ఇచ్చివేయుడు. చివర ప్రశ్నలు, జవాబులు అచ్చయిన పుటలుండును. వానిని మాత్రము మఱవకుడు.